మూడు నిమిషాల ముక్క కాదు, అయిదు గంటలూ చూడండి: సీ-స్పాన్ వీడియో లైబ్రరీ

మా అమ్మాయి రూమ్మేట్ యూదుల పిల్ల. డార్మ్ గది గుమ్మానికి మెజూజా పెట్టుకుంది. తోరా వాక్యాలు రాసిన తోలు చుట్టను దాచే చిన్న డబ్బీ అది. మనకు గడపకు పసుపు రాయడం ఎలాగో, వాళ్లకు అది అంత. ఒక పొద్దున చూస్తే ఎవరో పీకి పారేశారు. కాలేజీకి ఫిర్యాదు ఇస్తే "అందింది" అన్న ఈమెయిల్ తప్ప ఇంకేమీ రాలేదు. "అమ్మా, క్యాంపస్‌లలో యూదుల మీద ద్వేషం గురించి అమెరికా కాంగ్రెస్‌లో గట్టిగా అడిగారు కదా, ఏమైంది?" అంది మా పిల్ల. వాట్సాప్‌లో తిరిగిన మూడు నిమిషాల వీడియో తప్ప నాకేం తెలియదు. అందుకే మొత్తం వెతుక్కున్నాను.

సీ-స్పాన్ అంటే అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, సమావేశాలనూ విచారణలనూ చూపించే టీవీ ఛానెల్. 1979 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ డబ్బు కాదు, కేబుల్ కంపెనీలు ఇచ్చేది. పాత విచారణలన్నీ వీడియో లైబ్రరీలో ఉచితంగా చూడొచ్చు. పేరు కొట్టి వెతకొచ్చు, పక్కనున్న మాటల మీద నొక్కితే వీడియో అక్కడికే వెళుతుంది, కావలసినంత కత్తిరించి పంపొచ్చు. ఆ మాటలు టీవీ క్యాప్షన్ల నుంచి తీసినవి కాబట్టి, ఎవరికైనా పంపేముందు చెవులతో కూడా వినండి.

నేను చూసింది 2023 డిసెంబర్ 5 నాటి ప్రతినిధుల సభ విద్యా కమిటీ విచారణ. వంట చేసుకుంటూ కాదు, రెండు రాత్రులు కూర్చుని చూశాను. ముగ్గురు యూనివర్సిటీ అధ్యక్షులు వచ్చారు: హార్వర్డ్ నుంచి క్లాడిన్ గే, పెన్సిల్వేనియా యూనివర్సిటీ (పెన్) నుంచి లిజ్ మగిల్, ఎంఐటీ నుంచి శాలీ కార్న్‌బ్లూత్. యూదుల జాతిని తుడిచిపెట్టమని పిలుపునిస్తే మీ నియమాలకు విరుద్ధమా కాదా అని రిపబ్లికన్ సభ్యురాలు ఎలీస్ స్టెఫానిక్ అడిగితే, సందర్భాన్ని బట్టి అన్నారు వాళ్లు. నాలుగు రోజుల్లో మగిల్, 2024 జనవరి 2న గే పదవులు వదిలేశారు. ఇదంతా అందరికీ తెలిసిందే. ఆ ప్రశ్న న్యాయమైనదనే ఇప్పటికీ అంటాను. ఆ జవాబు విన్న పిల్లల మనసు ఏమైపోయి ఉంటుందో!

కానీ నాలుగో కుర్చీలో పమేలా నాడెల్ ఉన్నారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. యూదు చరిత్ర చెప్పే ప్రొఫెసర్. క్యాంపస్‌లలో ఈ ద్వేషం కొత్తది కాదని, అమెరికాలో దీనికి పొడవాటి చరిత్ర ఉందని చెప్పారావిడ. ఆవిడ మాటల కోసమైనా ఆ వీడియో మొత్తం చూడాలి. పౌరహక్కుల ఫిర్యాదులు చూసే విద్యాశాఖ ఆఫీసుకు నిధులివ్వాలన్న మాట డెమోక్రాట్ల వైపు నుంచి వచ్చింది. అదీ ఏ క్లిప్పులోనూ లేదు.

నా గోడు కూడా అదే. 2024 మే 1న సభ 320-91తో యూదు వ్యతిరేకతకు నిర్వచనాన్ని చట్టంలో పెట్టే బిల్లు ఆమోదించింది. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు. ఆ నిర్వచనం రాయడంలో ముందున్న కెనెత్ స్టెర్నే దాన్ని చట్టంగా వాడొద్దన్నారు. మెజూజా పీకడం తప్పని తేల్చడానికి నిర్వచనమెందుకండీ? ఫిర్యాదు చదివే మనిషి కావాలి. అలాంటిది 2025 మార్చిలో ఆ పౌరహక్కుల ఆఫీసు 12 ప్రాంతీయ శాఖల్లో 7 మూసేశారు.

ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీల్లో జాతి, రంగు, జాతీయ మూలం పేరుతో వివక్ష కూడదనేది 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం. అందులో మతం అన్న మాట లేదు. అయినా వంశమూలాల పేరుతో వేధిస్తే వర్తిస్తుందని 2004లో విద్యాశాఖ లేఖ రాసింది. ఆ లేఖలో యూదులతో పాటు సిక్కుల మాటా ఉంది. మన పిల్లల్ని అక్కడ చదివించే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

సైట్‌కు 5కి 5 ఇస్తున్నాను. నాడెల్ మాటలు కత్తిరించి మా అమ్మాయికి పంపాను. విద్యాశాఖ పౌరహక్కుల ఆఫీసుకు ఫిర్యాదు చేయడానికి గడువు, సంఘటన జరిగిన రోజు నుంచి 180 రోజులు. పిల్లలిద్దరూ నిన్న రాత్రి ఫారం నింపడం మొదలుపెట్టారు.