రొయ్యల చెరువు గట్టు మీద డిజిటల్ మైక్రోస్కోప్, 3 ఏళ్ళ వాడకం తర్వాత

మాది భీమవరం దగ్గర, వనామీ రకం రొయ్యల కల్చర్ (సాగు) అండి. ల్యాబ్‌కి శాంపిల్ పట్టుకెళ్ళి వచ్చేసరికి సగం రోజు పోతోందని 3 ఏళ్ళ కింద చేతిలో పట్టే వైఫై డిజిటల్ మైక్రోస్కోప్ ఒకటి కొన్నా, 3 వేల లోపే.

డబ్బా మీద 1000 ఎక్స్ అని ఉంటుంది, నమ్మకండి. జూమ్ చివరిదాకా తిప్పి కింద స్కేలు పెట్టి చూస్తే స్క్రీన్‌లో ఒకటిన్నర మిల్లీమీటరు పట్టింది, ఆపైన బొమ్మ సాగుతుందే గానీ కొత్తగా ఏం కనపడదు. దీని లైట్లన్నీ లెన్స్ చుట్టూ పైనే ఉంటాయి, స్లైడ్‌కేమో వెలుగు కింద నుంచి రావాలి. మొదట్లో నెల రోజులు గాజు మెరుపు తప్ప ఏం కనపడక మూలన పడేశా. తర్వాత పాత ఫోన్ టార్చ్ మీద బటర్ పేపర్, దాని పైన స్లైడ్, పై లైట్లు పూర్తిగా ఆపేసి చూశా. రొయ్య మొప్ప ముక్క మీద జూథామ్నియం అనే కంటికి కనపడని జీవులు, చిన్న పూల కొమ్మల్లా గుత్తులు గుత్తులుగా! స్లైడ్ కదిపితే చటుక్కున ముడుచుకుని మళ్ళీ మెల్లగా విచ్చుకుంటున్నాయి, ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

నీళ్ళ రంగు మారినా ఒక చుక్క వేసి చూస్తా, దారాల్లాంటి బ్లూ గ్రీన్ ఆల్గే పెరిగితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ముక్క మొత్తం ఒకే పెద్ద ఫొటోగా కావాలంటే దీనికదే స్కాన్ చేయదు, స్లైడ్‌ని చేత్తో జరుపుతూ ప్రతి ఫొటోలో ముందు ఫొటో అంచు మూడో వంతు పడేలా తీయాలి, 3 మిల్లీమీటర్ల ముక్కకే 15 ఫొటోలు, తర్వాత ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తా. ప్లాస్టిక్ స్టాండ్ ఫోకస్ ముట్టుకుంటేనే ఊగుతుంది, బరువు కట్టుకోవాలి. ఫోన్ దాని వైఫైకి తగిలించాక నెట్ రాదు, వాట్సాప్‌లో పంపాలంటే విప్పాల్సిందే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, రొయ్య ఎదుగుదలని ఆపేసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి దీంట్లో కనపడదు. ఆ స్పోర్ రెండు మైక్రాన్లు కూడా ఉండదు. పోయిన కల్చర్‌లో సైజు ఆగిపోతే దీంట్లో చూసి ఏం లేదులే అనుకుని 20 రోజులు మేత వేస్తూ కూర్చున్నా, ల్యాబ్‌లో పీసీఆర్ టెస్ట్ చేయిస్తే పాజిటివ్. ఇప్పుడు సైజు ఆగిందనిపిస్తే దీన్ని సంచిలోంచి తీయను కూడా, రొయ్యల్ని నేరుగా పీసీఆర్‌కి పంపేస్తా.