యాప్‌లో నొక్కడమా, కొట్టుకి వాట్సాప్ పెట్టడమా?

రాత్రి ఎనిమిదవుతుంది. ట్యూషన్ ముగించి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే సరుకుల యాప్ నుంచి ఫోన్ టింగుమంటుంది: ‘వంట చేసే ఓపిక లేదా? మేమున్నాం!’ ఆ టైముకి మా ఇంట్లో ఎవరికీ ఓపిక ఉండదని దానికెలా తెలుసంటే, పోయిన నెల మూడుసార్లు సరిగ్గా ఎనిమిదింటికే ఆర్డర్ పెట్టాం మరి. మన అలసట వేళ కూడా దాని లెక్కల్లో ఉంది.

విజయనగరంలో నాలాంటివాడికి సరుకులు ఇల్లు చేరే దారులు మూడు: యాప్, వీధి చివరి కిరాణా కొట్టు, రైతుబజారు. మూడూ వాడతాను కాబట్టి చెబుతున్నాను.

యాప్ సంగతి ఒక బిల్లుతో చెబితే తేలిక. పాల ప్యాకెట్, దోసెల పిండి, కొత్తిమీర కలిపి 96 రూపాయలు. డెలివరీకి 30. ‘ఇంకో 103 రూపాయలవి కొంటే డెలివరీ ఫ్రీ’ అని పచ్చరంగులో ఒక గీత. బిస్కెట్లు, నూడుల్స్ వేశాను, 206 అయింది. కింద హ్యాండ్లింగ్ చార్జీ 9. దాని కింద 20 రూపాయల టిప్, నేను నొక్కకుండానే టిక్ పెట్టి ఉంది. అది తీసేస్తే 215. బుద్ధిగా డెలివరీ డబ్బులు కట్టి ఉంటే 135తో పోయేది. ముప్పై మిగుల్చుకోవడానికి ఎనభై ఎక్కువ పెట్టాను. లెక్కల మాస్టారిని!

ఇలాంటి టక్కులకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు. అడక్కుండా బుట్టలో ఏదో వేసేయడం, చార్జీలు చివర్లో బయటపెట్టడం, లేని తొందర పుట్టించడం లాంటివి 13 రకాలు గుర్తించి, అవి కుదరవని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా బిల్లు కిందిదాకా చదవాల్సింది మనమే.

ఇక కొట్టు. పొద్దున్న వాట్సాప్‌లో వాయిస్ పెడతాను: కందిపప్పు కిలో, చింతపండు పావు, ఉప్పు. కాసేపటికి జవాబు: ‘‘ఏటి మాస్టారూ, కొత్త పప్పు వచ్చింది గానీ ఉడకడం లేదంటన్నారు. పాతదే వేసీమంటారా?’’ తన సరుకు బాగాలేదని తనే చెప్పే యాప్ నేనింకా చూడలేదు. సాయంత్రం కుర్రాడు సంచి గుమ్మంలో పెట్టి వెళ్తాడు. ఫోన్‌పేలో కొట్టేస్తాను, లేదంటే ఖాతాలో రాసుకుంటాడు.

అలాగని కొట్టు బాబుని నెత్తిన పెట్టుకోను. ఏది ఎంతో ముందు చెప్పడు. అడిగిన సబ్బు లేకపోతే ‘ఇదీ అలాంటిదే’ అని ఇంకోటి వేసేస్తాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు షట్టర్ దించి కునుకు తీస్తాడు. ఖాతా కూడా ఒక వలే. నెలాఖరున మొత్తం చూసి గుండె గుభేల్‌మన్నా, ఇన్నాళ్ల మొహమాటానికి ఒక్కో ధరా అడగలేం.

కూరగాయలకైతే ఆలోచనే లేదు, రైతుబజారే. 1999 నుంచి ఉన్న పద్ధతి, ధరలు బోర్డు మీద ఉంటాయి, వంకాయ పుచ్చో మంచిదో చేత్తో చూసుకోవచ్చు. ఆదివారం పొద్దుటి నిద్ర మాత్రం పోతుంది.

మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ, సిరిమాను రోజు ఒక తమాషా. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసక వేస్తే రాలని జనం. పోయినసారి యాప్ ‘ప్రస్తుతం డెలివరీ లేదు’ అంది. కొట్టు కుర్రాడు సందుల్లోంచి నడిచొచ్చి బెల్లం ఇచ్చి వెళ్లాడు.

అయితే యాప్ వద్దంటానా? మా పక్కింటి పెద్దమ్మగారికి మోకాళ్ల నొప్పులు, కొడుకు హైదరాబాద్‌లో. నెల సరుకులు అక్కణ్నుంచే అతను బుక్ చేస్తాడు. ఏం వచ్చిందో, ఎంతయిందో ఇద్దరికీ తెలుస్తుంది. వాయిస్ పెట్టడం, స్కానర్ కొట్టడం ఆవిడ వల్ల కాదు. ఆవిడకి యాప్ దేవుడే. మా ఇంటికి మాత్రం నెల సరుకులు కొట్టు నుంచే, యాప్ రాత్రి పూట మర్చిపోయిన ఒక్క వస్తువుకే. అది కూడా డెలివరీ డబ్బులు కట్టేసి, నోటిఫికేషన్లు ఆపేసి.

మొన్న కొట్టు బాబు అడిగాడు: ‘‘మనమూ ఒక యాప్ పెట్టీమంటన్నాడు మాస్టారూ మా అబ్బాయి. ఏటంటారు?’’

పెట్టు గానీ, రాత్రి ఎనిమిదింటికి మాత్రం మెసేజ్ పంపకన్నాను.