ఒళ్ళున్న నాన్న, ఐదేళ్ళ పాప: ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో మూడు రోజులు

నాది ఆరడుగుల ఎత్తు, 290 పౌండ్ల బరువు, అంటే 130 కిలోల పైమాటే. మా పాపకు ఐదేళ్ళు, 41 అంగుళాల ఎత్తు. 2024 మార్చిలో అట్లాంటా నుంచి ఏడు గంటలు కారు నడుపుకుంటూ ఓర్లాండో వెళ్ళాం. మేం ముగ్గురం, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య. నాలాంటి ఒళ్ళున్న నాన్నలు, అమ్మలు మనవాళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు అంతకుముందు వేసవిలో జరిగింది చెప్పాలి. ఒక చిన్న పార్కులో (పేరు అనవసరం) గుండ్రంగా తిరిగే రైడ్ ఎక్కాం. ఇద్దరికీ కలిపి ఒకటే ల్యాప్ బార్, అంటే ఒళ్ళోకి దిగి మనిషిని సీటులో పట్టి ఉంచే కడ్డీ. అది కిందికి దిగి నా పొట్ట దగ్గర ఆగిపోయింది. పాప తొడలకీ ఆ కడ్డీకీ మధ్య జానెడు సందు. రైడ్ నడిపే అబ్బాయి వచ్చి కడ్డీని ఒకసారి లాగి చూసి, గట్టిగానే ఉందని వెళ్ళిపోయాడు. నిజమే, గట్టిగానే ఉంది. కానీ అది పట్టుకున్నది నన్ను, పాపను కాదు. రెండో చుట్టులో పాప సీటు మీద నుంచి ముందుకు జారింది. గౌను నడుం దగ్గర పిడికిలి బిగించి, రైడ్ ఆగేదాకా అలాగే పట్టుకున్నాను. దిగాక కూడా నా వేళ్ళు సరిగ్గా విప్పుకోలేదు.

అందుకే ఈసారి ప్రతి రైడ్ దగ్గరా ఎక్కేముందు ఒకటే చూశాను: కడ్డీ ఇద్దరికీ ఒకటా, ఎవరిది వాళ్ళకా?

డిస్నీ వరల్డ్‌లోని హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో ఉన్న స్లింకీ డాగ్ డాష్ ఈ లెక్కన నాకు అన్నిటికంటే నచ్చింది. 2018లో మొదలైన రోలర్ కోస్టర్, 38 అంగుళాలుంటే ఎక్కనిస్తారు. పక్కపక్కనే కూర్చున్నా ఎవరి కడ్డీ వాళ్ళదే. నాది నా పొట్ట దగ్గర ఆగింది, పాపది ఆమె తొడల మీదికి పూర్తిగా దిగింది. పాప రెండు చేతులతో దాన్ని తట్టి చూసుకుని, "నాన్నా, నాది నాకే ఉంది!" అంది. ఆ రైడ్‌లో మొదటిసారి నేను పాప వైపు కాకుండా ముందుకు చూశాను.

అక్కడి ఇంకో పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని బిగ్ థండర్ మౌంటెన్ రోలర్ కోస్టర్‌లో మేం వెళ్ళినప్పుడు వరుసకి ఒకటే కడ్డీ. అప్పట్లో ఎత్తు 40 అంగుళాలు ఉండాలనేవాళ్ళు, పాపకు సరిపోయింది. కానీ నేను పక్కన కూర్చోలేదు. నా భార్య సన్నగా ఉంటుంది. ఆమె పక్కన కూర్చుంటే కడ్డీ పాప తొడల దాకా వచ్చింది, మహా అయితే రెండు వేళ్ళ సందు మిగిలింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. "నాన్న పక్కనే కూర్చుంటా" అని పాప కాసేపు మారాం చేసింది. ఆ ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకండి. అక్కడ ఏడేళ్ళలోపు పిల్లల వెంట 14 ఏళ్ళు దాటినవాళ్ళు ఉండాలి. ఆ తోడు సన్నగా ఉన్నవాళ్ళయితే మేలు.

హాంటెడ్ మాన్షన్‌లో కూడా ఇద్దరికీ కలిపి ఒకటే కడ్డీ. కానీ బండి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి పాపను పక్కనే కూర్చోబెట్టుకున్నాను, ఇబ్బంది లేదు. స్మాల్ వరల్డ్ పడవలో అసలు కడ్డీయే లేదు. మా అత్తయ్య రెండుసార్లు ఎక్కారు.

ట్రాన్ అనే రోలర్ కోస్టర్‌కి 48 అంగుళాలు కావాలి కాబట్టి పాపను అత్తయ్య దగ్గర వదిలాం. అప్పటి పద్ధతి ప్రకారం పొద్దున 7 గంటలకే ఫోన్‌లో వరుస నంబరు తీసుకున్నాం. ఇది బైక్ మీద వంగి కూర్చునే రైడ్. వెనక నుంచి ఒక మెత్త వచ్చి నడుముకి ఆనాలి, పిక్కలకి కూడా పట్టు పడాలి. బయటే నమూనా బైక్ పెట్టారు, క్యూలో నిలబడకముందే కూర్చుని చూసుకోవచ్చు. నాకు పిక్కల దగ్గర పట్టలేదు. అక్కడున్న అమ్మాయి, రైలు చివర మామూలు సీటు ఉంటుందని, లోపల అడిగితే అందులో కూర్చోబెడతారని నెమ్మదిగా, గౌరవంగా చెప్పింది. కాస్త ఎక్కువసేపు ఆగాను, అంతే. ఎదురుగా జనం చూస్తున్నారని మొహమాటపడి నమూనా సీటు వదిలేయకండి. గంట క్యూలో నిలబడ్డాక పిల్లల ముందు దిగిపోవాల్సి వస్తే ఇంకా కష్టం.

ఇంట్లో పెద్దవాళ్ళు తోడు రాకపోతే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా రెండోవాళ్ళు పాపతో ఉంటారు, తర్వాత రెండోవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. దీనికి వేరే డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకో మాట, ఏ ఊరి ఎగ్జిబిషన్‌కైనా పనికొస్తుంది. గుండ్రంగా వేగంగా తిరిగే వాటిలో మనిషి బయటి వైపుకి జరుగుతాడు. పాపను బయటి పక్కన కూర్చోబెడితే మన బరువంతా ఆ చిన్న ఒంటి మీద పడుతుంది. పిల్లలు లోపలి పక్కన, మనం బయటి పక్కన. అక్కడా కడ్డీ ఇద్దరికీ ఒకటే అయితే, పాప వైపు ఎంత సందుందో చేయి పెట్టి చూడండి. జానెడు ఉంటే రైడ్ కదలకముందే చెయ్యెత్తి ఆపించి దిగిపోండి.