ఒంటి సబ్బును గడ్డం సబ్బుగా అమ్ముతున్నారు, జాగ్రత్త

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు ఉంటూ ఇప్పటికీ బ్రష్షు, సబ్బుతోనే గడ్డం చేసుకునే తెలుగువారందరికీ ఈ హెచ్చరిక. "తాతల నాటి గడ్డం సబ్బు" అంటూ రోజూ వీడియోలు పెట్టే ఆ పేజీ ఏదో మీలో చాలామందికి తెలుసు. దయచేసి అక్కడ కొనవద్దు. 100 గ్రాముల బిళ్లకు 650 రూపాయలు, ఆపైన కొరియర్ ఖర్చులు చెల్లించి నేను కొన్నాను. డబ్బు పోయినందుకు బాధగానే ఉంది. కానీ ఆ అమ్మకందారు ఫోనులో అన్న మాట అంతకంటే ఎక్కువగా బాధిస్తోంది.

ముందు సబ్బు సంగతి చెబుతాను. వాళ్ల వీడియోలో బ్రష్షు తిప్పీ తిప్పకముందే నురుగు గిన్నె అంచు దాటి పొంగుతుంది, వీడియో అక్కడితో ముగుస్తుంది. గడ్డం సబ్బు పనితనం తేలేది ఆ తర్వాతే. నురుగు ఎంత ఎత్తుకు లేచిందన్నది ముఖ్యం కాదు. ముఖానికి పట్టించాక నాలుగైదు నిమిషాలు గడిచినా అది తడి ఆరకుండా నిలిచిందా, ఒకసారి గీసిన చోట నీటి చెయ్యి తగిలించి మళ్లీ రేజరు పెడితే జారుతోందా, కడుక్కున్నాక చర్మం బిగుసుకుపోకుండా ఉందా అన్నవి చూడాలి. ఈ సబ్బు వీటిలో ఒక్కదానికీ నిలబడలేదు. కుడి చెంప పూర్తిచేసి ఎడమ చెంపకు వచ్చేసరికి అక్కడి బుడగలు పెద్దవై పగిలిపోయి, మిగిలినది తెల్లని పొరలా ఎండి వెంట్రుకలకు అంటుకుపోయింది. దవడ కింద రేజరు జారలేదు, గరగరమంటూ పట్టి పట్టి నడిచింది. చివర్లో పటిక రాసుకుంటే మెడ భగ్గుమంది.

మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు కాబట్టి మొదట వాటినే అనుమానించాను. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే అవి సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురుగు చచ్చిపోతుంది. సబ్బుకు అన్యాయం చేయకూడదని డాబా మీద పట్టిన వాన నీళ్లతో, అదే బ్రష్షుతో, కొత్త బ్లేడు వేసి మళ్లీ చూశాను. నురుగు మొదట కాస్త ఎక్కువగా వచ్చింది గాని అంతే తొందరగా ఆరిపోయింది. నేను ఏళ్లుగా వాడుతున్న మామూలు షేవింగ్ సబ్బు అదే బోరు నీటిలో పని పూర్తయ్యేదాకా మీగడలా నిలుస్తుంది. కాబట్టి లోపం నీటిది కాదు.

అసలు కారణం డబ్బా మీదే బయటపడింది. స్నానాల గదిలో తడికి పైస్టిక్కరు అంచు లేచింది. "సహజమైన నూనెలతో, సంప్రదాయ పద్ధతిలో" అని రాసి ఉన్న ఆ స్టిక్కరును పూర్తిగా లాగితే, కింద చిన్న అక్షరాలతో అసలు లేబులు కనిపించింది: సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, నీరు, సుగంధం. మనం ఒంటికి రుద్దుకునే సబ్బుల వెనుక సర్వసాధారణంగా కనిపించేవి ఇవే. పామ్ గింజల నూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి బుడగలు చప్పున లేస్తాయి, చప్పున పోతాయి. గడ్డం సబ్బుకు ప్రాణం స్టియరిక్ ఆమ్లం. దాని నురుగు ఆలస్యంగా వచ్చినా సన్నగా, దట్టంగా వచ్చి నిలబడుతుంది. అందుకే మంచి గడ్డం సబ్బుల్లో స్టియరిక్ ఆమ్లాన్ని ఎక్కువగా వాడి, సోడియం క్షారంతో పాటు పొటాషియం క్షారాన్ని కూడా చేర్చి ఉడికిస్తారు. పొటాషియం సబ్బు నీటిలో తేలికగా కరిగి నీటిని బాగా పట్టుకుంటుంది, గ్లిజరిన్ ఆ తడి ఆరిపోకుండా కాపాడుతుంది.

ఆ లేబులు ఫొటో తీసుకుని ఫోను చేశాను. మొదట "మీ నీళ్లు మంచివి కావు సార్" అన్నారు. వాన నీటితోనూ చూశానని చెప్పాను. స్టిక్కరు కింద ఇంకో లేబులు ఉందని చెప్పగానే కాసేపు మాట లేదు. తర్వాత ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారని అడిగితే పర్లాకిమిడి అన్నాను. "ఒడిశానా? అదీ సంగతి. మీ వాళ్లకి ఇలాంటి సబ్బు వాడటం ఏం తెలుస్తుంది? పోయి పది రూపాయల క్రీము కొనుక్కో" అన్నాడు. అప్పటిదాకా మీరు, సార్ అన్న మనిషి ఒక్క క్షణంలో నువ్వులోకి దిగి ఫోను పెట్టేశాడు. ఆర్డరు పెట్టిన రోజున "మన తెలుగువాళ్లకి దూరమేమిటి సార్, పర్లాకిమిడి అయినా పంపిస్తాం" అన్నది ఇదే గొంతు. ఆ మాట నమ్మడం వల్లే ముందుగా డబ్బు పంపాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు మిగిలింది. గీత ఎక్కడ పడినా మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. అమ్మేటప్పుడు మేము తెలుగువాళ్లం, తప్పు చూపితే ఒడిశావాళ్లం అయ్యాం. నా కంటే ఎక్కువగా ఈ ప్రాంతం వాళ్లందరినీ అన్నట్టు తోచి, ఇది రాస్తున్నప్పుడు కూడా చెయ్యి వణుకుతోంది. లేబులు ఫొటో పంపేసరికి నా నంబరును బ్లాక్ చేశారు.

కొనేవాళ్లు డబ్బు పంపకముందే పదార్థాల జాబితా ఫొటో అడగండి. అందులో మొదటి వరుసలో స్టియరిక్ ఆమ్లం గాని పొటాషియం స్టియరేట్ గాని కనిపించకపోతే వదిలేయండి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఇదే డబ్బా మీ దగ్గరా ఉంటే స్టిక్కరు అంచు తడిపి లాగి చూడండి. కింద రెండో లేబులు ఉంటే దాని ఫొటో, డబ్బు చెల్లించిన రశీదు దాచిపెట్టుకుని మీరు కూడా ఫిర్యాదు చేయండి.