పాత హార్డ్‌టెయిల్ ఫ్రేము: ఉప్పుగాలిలో ఏళ్లు వాడాక

నెల్లూరు నుంచి మైపాడు తీరానికి వెళ్లే రోడ్డు, పెంచలకోన వైపు మట్టిదారులు, ఉదయగిరి కొండ కింద రాళ్ల బాటలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈ హార్డ్‌టెయిల్ (వెనక స్ప్రింగు లేని మౌంటెన్ సైకిల్) ఫ్రేము ఏళ్లుగా వీటి మీదే తిరుగుతోంది. 6061 రకం అల్యూమినియం మిశ్రమలోహం, 27.5 అంగుళాల చక్రాలు, 100 మి.మీ. కదలిక ఉన్న ముందు ఫోర్కుకు తగ్గ కొలతలు, తూకం 1.7 కిలోలు. ఇప్పటికీ ఎక్కడా బీట లేదు. ఇలాంటిది వెతికేవాళ్లకు పనికొచ్చే సంగతులివి.

అమ్మేవాళ్లు చెప్పే బరువు లెక్కలోకి తీసుకోవద్దు. సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు బేరింగులు), హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) విప్పించి వేలాడే డిజిటల్ కాటాకు తగిలించండి. తక్కువ ధర సైకిళ్ల అల్యూమినియం ఫ్రేములు 2 కిలోల చుట్టుపక్కల, కొన్ని అంతకు మించి తూగుతాయి. 1.5 నుంచి 1.8 మధ్య వస్తే తేలికే.

మన తీరంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది సీటు పోస్టు. ఉప్పుగాలి, చెమట, వాననీళ్లు లోపలికి దిగితే అల్యూమినియం మీద తెల్లటి పొడి పేరుకుని పోస్టు గొట్టానికి పట్టేసుకుంటుంది. ఇనుప పోస్టయితే ఇంకా త్వరగా పడుతుంది. బేరానికి ముందే క్లాంపు వదులు చేసి పోస్టు తిప్పి చూడండి. కదలకపోతే ఎంత చవకైనా వదిలేయండి. కదిలితే పూర్తిగా బయటికి లాగి, దాని మీద చెక్కిన కొలత చదవండి. 27.2, 30.9, 31.6 మి.మీ. ఎక్కువగా కనిపించేవి. 31.6 గొట్టంలో 30.9 పోస్టును బిగించి నడిపిన ఫ్రేములు దొరుకుతుంటాయి, వాటిలో క్లాంపు చీలిక దగ్గర బీట ఉండే అవకాశం ఎక్కువ. పోస్టు పొడవు సరిపోక బాగా పైకి లేపి తొక్కిన ఫ్రేమైతే సీటు గొట్టం వెనకవైపు, టాప్ ట్యూబ్ (పై అడ్డగొట్టం) కలిసేచోట చీలుతుంది. పోస్టు అడుగు ఆ వెల్డింగుకు కిందిదాకా దిగి ఉండాలి. ఈ ఫ్రేములో వానాకాలానికి ముందూ తర్వాతా పోస్టు తీసి, తుడిచి, గ్రీజు పూస్తే ఇబ్బంది రాలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో తడిసిన సైకిలును తలకిందులుగా నిలబెట్టి నీళ్లు వంచెయ్యడం కూడా మరవొద్దు.

బీటల కోసం ఫ్రేమును సబ్బునీళ్లతో కడిగి, ఎండలోనో టార్చి వెలుగులోనో వెల్డింగుల అంచులు చూడాలి. హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ముందు గొట్టం) కింద డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం), బాటమ్ బ్రాకెట్ చుట్టూ, వెనక చక్రం కూర్చునే డ్రాపౌట్ల దగ్గర చూపు ఎక్కువసేపు నిలపండి. అనుమానమున్న చోట దూది రుద్దితే బీట అంచుకు నూలు తగులుకుంటుంది. రంగు గీతా, లోహం బీటా అన్నది తేలకపోతే కొనొద్దు. "ఆర్గాన్ వెల్డింగు చేయిస్తే సరిపోద్ది" అనే మాట వినొద్దు. 6061కు గట్టిదనం వేడి శుద్ధితో (వేడిచేసి చల్లబరిచే ప్రక్రియతో) వస్తుంది. వెల్డింగు వేడికి ఆ చోటు మెత్తబడుతుంది, మళ్లీ శుద్ధి చేయకపోతే అతుకు పక్కనే విరుగుతుంది.

వంకర తేల్చడానికి దారం చాలు. ఒక డ్రాపౌట్ నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కు బిగించి కట్టి, సీటు గొట్టానికి రెండువైపులా దూరం కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే వద్దు. గేరు హ్యాంగరు (వెనక గేరు యంత్రం తగిలించే చిన్న పలక) విడిగా మారేదైతే వంగినా భయం లేదు, కానీ ఆ ఆకారపు హ్యాంగరు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

మీ దగ్గరున్న చక్రం, ఫోర్కు పట్టుకెళ్లి బిగించి చూడటం మంచిది. వెనక డ్రాపౌట్ల మధ్య వెడల్పు 135 మి.మీ., క్విక్ రిలీజ్ (మీట తిప్పితే వదులయ్యే ఇరుసు) అయితే పాత చక్రాలు పడతాయి. 142, 148 అయితే ఆక్సిల్ వేరు, హబ్బు వేరు, ఖర్చూ వేరు. తిన్నని సన్నటి హెడ్ ట్యూబ్‌లో టేపర్డ్ స్టీరర్ (కింద లావుగా ఉండే కాడ) ఫోర్కు దూరదు. టైరుకు అటూ ఇటూ 6 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే బురద ఇరుక్కుని చైన్‌స్టేలను (పెడళ్ల నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టాలను) కోస్తుంది.

బరువు విషయంలో ఒక మాట. ఫ్రేములో 300 గ్రాములు తగ్గించడానికి వేలు పోయడం కన్నా అదే బరువు టైర్లలో తగ్గిస్తే తొక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. అయితే సర్కారు తుమ్మ ముళ్లున్న దారుల్లో మరీ పలచని టైర్లు నిలవవు. ట్యూబ్‌లెస్ చేసి సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోసుకోవాలి.

డబ్బు ఇచ్చేముందు బాటమ్ బ్రాకెట్ అడుగున ఉన్న నంబరు బిల్లుతో సరిపోల్చండి. నంబరు గీకేసి ఉంటే ఆ ఫ్రేము ముట్టుకోవద్దు.