నా స్క్రీన్ ఫోటో నాకే పంపిన 'మెయిన్‌ఫ్రేమ్ ల్యాబ్' అన్న: కొనేవాళ్లు జాగ్రత్త

తొమ్మిదివేల ఐదు వందలు పోయాయి. పోతే పోనీ అనుకునేంత డబ్బు నా దగ్గర లేదు, అయినా ఈ పోస్టు డబ్బు కోసం రాయడం లేదు. నిన్న రాత్రి పదకొండున్నరకు జరిగినదాని కోసం రాస్తున్నాను. ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మెయిన్‌ఫ్రేమ్, అంటే బ్యాంకుల్లాంటి చోట వాడే పెద్ద కంప్యూటర్, నేర్చుకునేవాళ్ల గ్రూపులో ఈ ల్యాబ్ అమ్మేవాడు తెలియనివాళ్లు లేరు. ఆకుపచ్చ స్క్రీన్ డీపీ, ప్రతి మెసేజ్ చివర దండం బొమ్మ, "తమ్ముడూ" అనకుండా మాట మొదలుపెట్టడు. పేరు రాయను, మీకే అర్థమవుతుంది. మూడు నెలల ల్యాబ్ యాక్సెస్, అమెరికా డేటా సెంటర్‌లో ఉన్న అసలైన మెయిన్‌ఫ్రేమ్, దాని ఆకుపచ్చ అక్షరాల గ్రీన్ స్క్రీన్‌తో పాటు లైనక్స్ కూడా, అక్కడి గ్రాఫిక్ ప్రోగ్రాములు మీ ల్యాప్‌టాప్ మీదే తెరుచుకుంటాయి, అంతా సెక్యూర్ కనెక్షన్. ఇదీ వాడి ప్రకటన. "అమీర్‌పేట హాస్టల్లో పడి ఎందుకు చస్తావు తమ్ముడూ, హన్మకొండలో అమ్మ చేతి బువ్వ తింటూ నేర్చుకో" అన్నాడు. ఆ బువ్వ మాటకే పడిపోయాను. మడికొండలో కంపెనీలు వచ్చాయి, కాస్త పని తెలిస్తే ఊళ్లోనే ఉద్యోగం దొరుకుతుందేమోనన్న ఆశ ఒకటి. చిట్టీ ఎత్తి కట్టేశాను.

మొదటి రోజే వాడు పంపిన పీడీఎఫ్‌లో "మీ మెషిన్‌లో ఎక్స్‌హోస్ట్ ప్లస్ కొట్టండి, రూటర్‌లో 6000 పోర్టు తెరవండి" అని ఉంది. ఎక్స్ అంటే లైనక్స్‌లో తెర మీద విండోలు గీసే పద్ధతి, ఎక్స్11 అన్నా అదే. నేనేమన్నా తక్కువవాడినా? ఎక్స్‌హోస్ట్ ప్లస్ అంటే తలుపులు బార్లా తీసి ఎవరొచ్చినా రండి అనడమని చదివాను. 6000 పోర్టు తెరిస్తే ప్రతి అక్షరం దారిలో తాళం లేకుండా పోతుందని కూడా తెలుసు. "అలా కుదరదన్నా, ఎస్ఎస్‌హెచ్ లోపలి నుంచే రావాలి" అని పట్టుబట్టాను. ఎస్ఎస్‌హెచ్ అంటే దూరపు మెషిన్‌లోకి తాళం వేసిన దారిలో లాగిన్ కావడం. వాడు నవ్వి, "నువ్వు తెలివైనోడివి తమ్ముడూ" అన్నాడు. సర్వర్‌లో ఎక్స్11 ఫార్వర్డింగ్, అంటే అక్కడి విండోలను ఎస్ఎస్‌హెచ్ గుండా ఇక్కడికి పంపే ఏర్పాటు, ఆన్ చేసి, ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు మైనస్ వై అనే గుర్తు పెట్టి లాగిన్ కమ్మన్నాడు. "మైనస్ ఎక్స్ పెడితే ఇరవై నిమిషాల తర్వాత కొత్త విండోలు రావు, మైనస్ వై అయితే ఏ గొడవా ఉండదు" అన్నాడు. ఆ ఇరవై నిమిషాల మాట మామూలుగా చూస్తే అబద్ధం కాదు, అదే నా ఖర్మ. నిజాల మధ్య ఒక్క విషయం దాచేవాడిని పట్టుకోవడం కష్టం.

లాగిన్ అయ్యాక డిస్‌ప్లే, అంటే బొమ్మలు ఏ తెరకు వెళ్తాయో చెప్పే విలువ, ఎంతని చూస్తే లోకల్‌హోస్ట్ 10 అని వచ్చింది. ఎస్ఎస్‌హెచ్ సొరంగం తవ్వుకుందన్నమాట. ఎక్స్‌క్లాక్ అని కొట్టి ఎదురు చూశాను. దాదాపు నలభై సెకన్లకు నా స్క్రీన్ మీద చిన్న గడియారం తెరుచుకుంది. ఎక్కడో ఉన్న మెయిన్‌ఫ్రేమ్‌లో నడిచే గడియారం నక్కలగుట్టలో మా ఇంట్లో తిరుగుతోంది! సంతోషం పట్టలేక "సూపర్ అన్నా, గడియారం వచ్చింది!!" అని స్క్రీన్‌షాట్ తీసి మరీ పంపాను. ఈ మెసేజ్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ గడియారమే నాకు మొదటి రోజు నిజం చెప్పింది, నేను వినలేదు. ఎక్స్‌క్లాక్ నడిచేది అక్కడ, మన దగ్గర కనిపించేది బొమ్మ మాత్రమే. అంటే అది చూపించాల్సింది అక్కడి టైమ్. మెషిన్ అమెరికా డేటా సెంటర్‌లో ఉందన్నాడు కదా, గడియారం మాత్రం మా గోడ గడియారంతో నిమిషం తేడా లేకుండా కలిసింది. అమెరికాలో ఉన్న మెషిన్‌కు మన టైమ్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగాలని కూడా తోచలేదు నాకు. పైగా హైదరాబాద్‌లో వాన పడిన ప్రతిసారీ ల్యాబ్ పడిపోయేది. అమెరికా డేటా సెంటర్‌కు హైదరాబాద్ వానకు ఏం చుట్టరికమో!

మూడు వారాలు అలాగే గడిచాయి. ఒక ఇన్‌స్టాలర్ విండో తెరిస్తే టీ తాగి వచ్చేసరికి సగం గీసి ఉండేది. ఎక్స్ పాతకాలపు పద్ధతి, ప్రతి చిన్నదానికీ అటూ ఇటూ కబురు వెళ్లి రావాలి, దూరం నుంచి నెమ్మదిగానే ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఇంతనా? అడిగితే "మీ వరంగల్ నెట్ అంతే తమ్ముడూ, పల్లెటూళ్లకు ఇవి సెట్ కావు" అన్నాడు. పల్లెటూరట! కాకతీయులు రాజధాని కట్టుకున్న ఊరు వీడికి పల్లెటూరు. అప్పుడు కూడా నవ్వేసి ఊరుకున్నాను చూడండి, నాకు సిగ్గుండాలి.

మొన్న చిరాకొచ్చి ప్రాక్ అనే ఫోల్డర్ కింద మెషిన్ వివరాలు ఉండే సిస్‌ఇన్ఫో అనే ఫైల్ తెరిచాను. అంతకు ముందు మెషిన్ రకం చెప్పే యూనేమ్ కమాండ్ కొడితే మెయిన్‌ఫ్రేమ్ రకమైన ఎస్390ఎక్స్ అని వస్తోంది కాబట్టి మెయిన్‌ఫ్రేమే అని నమ్మాను. ఎమ్యులేటర్‌లో, అంటే మామూలు పీసీకి మెయిన్‌ఫ్రేమ్ వేషం వేసే సాఫ్ట్‌వేర్‌లో, నడిచినా అదే వస్తుందని తర్వాత తెలిసింది. సిస్‌ఇన్ఫోలో తయారీదారు ఐబీఎం అని ఉండాల్సిన చోట హెచ్ఆర్‌సీ అని ఉంది, మోడల్ దగ్గర ఎమ్యులేటర్ అనే రాసి ఉంది. అంటే హెర్క్యులస్. 1999 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్, ఎవరి ఇంటి పీసీలో వాళ్లు వేసుకోవచ్చు. వాడి ఇంట్లో ఏ మంచం కిందో ఉన్న పీసీకి నేను చిట్టీ డబ్బులు కట్టానన్నమాట.

నిన్న సాయంత్రం మర్యాదగానే రాశాను. "అన్నా, ఇది హెర్క్యులస్ కదా. సగం అయినా తిరిగి ఇవ్వండి" అని. నాలుగు గంటలు జవాబు లేదు. నేను ల్యాబ్ సెషన్ మూయకుండానే పక్కన చెల్లెతో చాటింగ్‌లో పడ్డాను. మా చెల్లె కాజీపేటలో ఉంటుంది, దానికి తప్ప ఈ డబ్బు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. "చిట్టీ పైసలు మొత్తం దీనికే పెట్టిన చెల్లే. అమ్మకు చెప్పకు, పరేషాన్ అయితది" అని రాశాను. అది "సరే అన్నా, ఏడ్వకు" అని రాసింది. అవును, ఏడుస్తున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పదకొండున్నరకు వాడి నుంచి ఒక ఫోటో వచ్చింది. తెరిచాను. నా డెస్క్‌టాప్. నా వాల్‌పేపర్, మా భద్రకాళి చెరువు కట్ట మీద నేను తీసిన ఫోటో. ఎడమ పక్క వాడి ఇన్‌స్టాలర్ విండో సగం గీసి ఉంది. మధ్యలో నా రెజ్యూమె. కుడి పక్క చెల్లెతో నా చాట్, ఒక్క అక్షరం కూడా చెరగకుండా. మూలన టైమ్ 11:24.

ఏం చూస్తున్నానో చాలాసేపు అర్థం కాలేదు. ఫోన్‌ను ల్యాప్‌టాప్ పక్కన పెట్టి రెండూ పోల్చి చూశాను. అదే స్క్రీన్. నేను ఎవరికీ షేర్ చేయలేదు, రిమోట్ డెస్క్‌టాప్ ఏదీ పెట్టలేదు.

కింద వాడి మెసేజ్: "చిట్టీ పైసలా తమ్ముడూ? అమ్మకు నేను చెప్పనా?"

దాని కింద దండం బొమ్మ.

వెంటనే కనెక్షన్ కోసేసి, వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్ మూసేసి దాని మీద చేతులు పెట్టి కూర్చున్నాను, మళ్లీ దానంతటదే తెరుచుకుంటుందేమో అన్నట్టు. ఫోన్ చేస్తే ఎత్తాడు, అదీ విచిత్రం. "సెక్యూరిటీ ప్రాక్టికల్ తమ్ముడూ, ఫ్రీగా చూపించాను. దీనికి వేరే కోర్సు అయితే ఐదు వేలు. రీఫండ్ గిఫండ్ అంటూ గ్రూపులో రాస్తే ఈ ఫోటో కూడా గ్రూపులోనే పెడతా" అని పెట్టేశాడు. మూడు వారాలుగా వాడిని అన్నా అని పిలిచిన నోరు ఇది.

తెల్లవారుజామున ఈసారి ఎక్స్ ఫార్వర్డింగ్ లేకుండా ఉత్త లాగిన్ అయ్యాను. పాస్‌వర్డ్ మార్చే తీరిక కూడా లేనట్టుంది మహానుభావుడికి. ల్యాబ్ కొన్న మనందరికీ ఇచ్చింది ఒకటే లాగిన్, స్టూడెంట్ అని. అందులో పాత కమాండ్ల హిస్టరీ చూస్తే చివర్లో ఉంది: ఎక్స్‌డబ్ల్యూడీ, మైనస్ రూట్, లోకల్‌హోస్ట్ 10. అంతే, ఒక్క వరుస. నాకు గడియారం చూపించిన ప్యాకేజీలోనే ఈ ఎక్స్‌డబ్ల్యూడీ కూడా వస్తుంది. తెర మొత్తాన్ని ఫోటో తీసే చిన్న ప్రోగ్రామ్.

నేను ఎక్కడ మోసపోయానో ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మీలో సగం మంది ఇదే నమ్మకంతో ఉన్నారు. ఎక్స్‌లో సర్వర్ అంటే వాడి మెషిన్ కాదు, మన ల్యాప్‌టాపే. తెర, కీబోర్డు, మౌస్ మన దగ్గర ఉంటాయి, అక్కడి ప్రోగ్రామ్ వచ్చి "కాస్త చోటివ్వు, బొమ్మ గీసుకుంటా" అని అడిగే అతిథి. ఎక్స్11 వచ్చింది 1987లో. లోపలికి వచ్చిన అతిథి ఇల్లంతా తిరగవచ్చు, పక్క విండోలో ఏముందో చూడవచ్చు, మనం కొట్టే అక్షరాలు కూడా వినవచ్చు. మైనస్ వై అంటే ఆ అతిథిని పూర్తిగా నమ్ముతున్నానని సంతకం పెట్టడం. ఎస్ఎస్‌హెచ్ చేసిన పని అది చక్కగా చేసింది, దారిలో ఎవరూ ఏమీ చూడలేదు. నేనే, దారిలో దొంగలుంటారని కాపలా పెట్టుకుని, మూట తీసుకెళ్లి దొంగ ఇంట్లోనే దింపాను. మన తెరలోకి రావడానికి కావలసిన కుకీ, అంటే తాళంచెవి లాంటి కోడ్, అక్కడి హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. రూట్, అంటే మెషిన్ మీద సర్వాధికారం, ఉన్నవాడు చదవవచ్చు. ఒకే లాగిన్ పంచుకుంటున్నాం కాబట్టి మీరూ చదవవచ్చు, నేను మీ స్క్రీన్ చూసి ఉండవచ్చు. చూడలేదు, ఒట్టు.

మైనస్ ఎక్స్ వాడుతున్నాం, మాకేం భయం అనేవాళ్లకు ఒక మాట. ఉబుంటు, డెబియన్, నాలాగా మింట్ అనే లైనక్స్‌లు వాడేవాళ్లకు అక్కడ కూడా ముందే ట్రస్టెడ్, అంటే పూర్తిగా నమ్మినవాడు, అని పెట్టి ఉంటుంది, మైనస్ ఎక్స్ అన్నా మైనస్ వై అన్నా ఒకటే. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఫార్వర్డ్‌ఎక్స్11ట్రస్టెడ్ నో అని మీ చేత్తో రాసుకోవాలి. విండోస్‌లో వీసీఎక్స్‌ఎస్‌ఆర్‌వీ లాంటి ఎక్స్ సర్వర్లు వాడేవాళ్ల మిగతా విండోస్ ప్రోగ్రాములు ఎక్స్ కిందికి రావు కాబట్టి నా అంత నష్టం ఉండదు. అయినా ఎక్స్ విండోల్లో కొట్టే పాస్‌వర్డులు మాత్రం బయటే.

పొద్దున సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఫోటో, మెసేజ్, హిస్టరీ వరుస, యూపీఐ రసీదు అన్నీ దాచి పెట్టాను. మీ దగ్గర కూడా ఇలాంటివి ఉంటే చెరపకండి. ఐటీ చట్టం సెక్షన్ 66 ఇలాంటి పనికి మూడేళ్ల దాకా జైలు చెబుతోంది. ఫోటో గ్రూపులో పెడతానన్నాడు కదా, పెట్టుకోనీ. అమ్మకు నేనే చెప్పేశాను. "తొమ్మిది వేలకు గడియారం కొన్నావా బిడ్డా" అంది.

సలహా అంటే, నేను ఇచ్చేంతవాడిని కాదు గానీ: డబ్బు కట్టే ముందు సిస్‌ఇన్ఫో ఫైల్ చూపించమనండి, మీకు విడిగా లాగిన్ ఇవ్వమనండి. గ్రాఫిక్ ప్రోగ్రాములు కావాలంటే అక్కడే వీఎన్‌సీ, అంటే అక్కడి తెరను బొమ్మగా ఇక్కడ చూపే ప్రోగ్రామ్, పెట్టుకుని ఎస్ఎస్‌హెచ్ గుండా చూడండి, అప్పుడు మన తెర వాళ్ల చేతికి వెళ్లదు. ఎక్స్ తప్పదంటే మన తెర మీదే విడిగా ఒక చిన్న తెర పెట్టే జెఫిర్ తెరిచి అక్కడి ప్రోగ్రాములను ఆ డబ్బాలోనే ఉంచండి. అసలు డబ్బే కట్టకండి, మెయిన్‌ఫ్రేమ్ నేర్పే ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితం, లైనక్స్‌వన్ కమ్యూనిటీ క్లౌడ్‌లో అసలైన మెషిన్ మీద లైనక్స్ 120 రోజులు ఉచితం. హెర్క్యులసే కావాలంటే మీ పీసీలోనే వేసుకోండి, కనీసం వాన పడితే మీ కరెంటే పోతుంది.

ఇప్పుడే చూశాను, వాడు గ్రూపులో కొత్త ఆఫర్ పెట్టాడు, మూడు నెలలకు 7,999. కింద కస్టమర్ రివ్యూ అని ఒక స్క్రీన్‌షాట్, "సూపర్ అన్నా, గడియారం వచ్చింది!!" అని. ఆ మెసేజ్ నాదే. దయచేసి అది చూసి కట్టకండి.