ఇంగ్లిష్ గ్రామర్ కోర్సు కొంటున్నారా? ముందు థర్డ్ కండిషనల్ పాఠం చూపించమనండి

రికార్డెడ్ వీడియోలతో అమ్మే ఒక గ్రామర్ కోర్సు కొని దెబ్బతిన్నాను. పేరు రాయను. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి కొనబోయేవాళ్ళు ఇది చదవండి.

మొదటి పాఠాలకు వంక పెట్టలేను. థర్డ్ కండిషనల్ (జరగని గతం గురించి 'అలా అయ్యుంటే ఇలా జరిగేది' అని చెప్పే వాక్యం) దగ్గరికొచ్చేసరికి బోర్డు మీద 'ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్' అని రాశారు. రెండు వైపులా వుడ్ హ్యావ్ పెట్టేస్తే ఈజీగా గుర్తుంటుందన్నారు. నేను నోట్స్‌లో ఎర్ర పెన్నుతో డబ్బా గీసి మరీ రాసుకున్నాను. తర్వాత ఒక ఉద్యోగ పరీక్షలో తప్పులు దిద్దే ప్రశ్న వస్తే, శుభ్రంగా ఉన్న 'హ్యాడ్ నోన్' కొట్టేసి 'వుడ్ హ్యావ్ నోన్' అని దిద్ది వచ్చాను. పైగా ఆ ఒక్క ప్రశ్న గురించీ టెన్షన్ లేదు!

అసలు సంగతి ఇది. 'ముందే తెలిసుంటే వచ్చేదాన్ని' అంటే తెలియలేదు, రాలేదు, ఆ సమయం దాటిపోయింది. 'తెలిసుంటే' అన్నచోట ఇంగ్లిష్‌లో హ్యాడ్ నోన్, 'వచ్చేదాన్ని' అన్నచోట వుడ్ హ్యావ్ కమ్. ఇలాంటి వాక్యంలో ఇఫ్ పక్కన వుడ్ రాదు. అమెరికన్ల మాటల్లో 'ఇఫ్ ఐ వుడ్ హ్యావ్' వినిపిస్తుంది, కాదనను. పరీక్షలో రాస్తే మాత్రం తప్పే. ఆ ముక్క చెప్పి ఉంటే నాకీ గొడవే లేదు.

వాళ్ళు ఎక్కడ పొరబడ్డారో తర్వాత వీడియో మళ్ళీ చూస్తే అర్థమైంది. 'ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కమ్' అని కుదించి పలుకుతారు కదా. మొదటి ఐడ్ అంటే ఐ హ్యాడ్, రెండోది ఐ వుడ్. పాఠం చెప్పినాయన రెండింటినీ వుడ్ అనే విడదీశారు.

క్విజ్ ఇంకా ఘోరం. 'ఇఫ్ షీ హ్యాడ్ గాన్' ఎంచుకుంటే ఎర్ర ఇంటూ, 'హ్యాడ్ వెంట్'కి పచ్చ టిక్కు. 'ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ వెల్, ఐ వుడ్ నాట్ బీ టైర్డ్ నౌ' అన్నదీ తప్పేనట. రాత్రి బాగా నిద్రపోయుంటే ఇప్పుడు నీరసం ఉండేది కాదు అనడంలో తప్పేముంది? కారణం నిన్నటిది, ఫలితం ఇవాళ్టిది. దీన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు, మామూలు గ్రామర్ పుస్తకాల్లోనే ఉంటుంది.

డబ్బు వెనక్కి అడిగితే గడువు 7 రోజులే అన్నారు. పాఠాలేమో రోజుకొకటి చొప్పున తెరుచుకుంటాయి, ఈ పాఠం వచ్చేది 10వ రోజున! స్క్రీన్‌షాట్లు పంపితే 'రెండూ కరెక్టే మేడమ్' అని ఒక్క లైను జవాబిచ్చి ఫిర్యాదు మూసేశారు.

అందుకే డబ్బు కట్టకముందే అన్ని పాఠాలూ ఎప్పుడు తెరుచుకుంటాయో, రీఫండ్ గడువు ఎప్పటిదాకానో రాతపూర్వకంగా తీసుకోండి. డెమో క్లాసుంటే 'బస్సు మిస్సవకపోయుంటే టైముకి చేరేదాన్ని' అన్నది ఇంగ్లిష్‌లో చెప్పమని అడగండి. 'ఇఫ్ ఐ హ్యాడ్ నాట్ మిస్డ్' అని మొదలుపెడితే సరే. 'ఇఫ్ ఐ వుడ్ నాట్ హ్యావ్' అన్నారంటే ఫోన్ పెట్టేయండి.